పుంగనూరులో కొన్న రబ్బరు షీటు

పదేళ్ల పిల్ల వారం రోజులు క్యాంపుకు పోవాలంటే ఎన్ని సామాన్లు కావాలో తెలియాలంటే ఆ ఇంట్లో ఒక నర్సు ఉండాలి. మా ఇంట్లో ఇద్దరున్నారు. ఒకరు నేను. రెండోవారు మా అత్త, నర్సుగా రిటైరైనా ఆ సంగతి ఇంకా ఒప్పుకోని మనిషి. మదనపల్లెలో మిషను ఆసుపత్రి క్వార్టర్సులో మా ఇల్లు. వార్డుకూ ఇంటికీ మధ్య ఒక గోడే అడ్డం, ఆ గోడ మా అత్త లెక్కలో లేదు.

వేసవి సెలవుల్లో చర్చి పిల్లల కోసం కుప్పం అవతల, రామకుప్పం పోయే దారిలో, ఒక మామిడి తోటలో క్యాంపు పెడతారు. పాటలు, ఆటలు, బైబిలు కథలు. రాత్రి ఆడపిల్లలంతా ఒకే హాల్లో వరసగా చాపల మీద పడుకుంటారు. పిల్లలకు అదే అన్నిటికన్నా పెద్ద సంబరం. మా పాపకు మాత్రం అదే పెద్ద భయం. మా పాప ఇంకా అప్పుడప్పుడు పక్క తడుపుతుంది.

డాక్టరుకు చూపించాం. ఏమీ లేదు, అదే తగ్గిపోతుంది అన్నారు. అదే తగ్గిపోయేది ఎప్పుడో డాక్టర్లు చెప్పరు. నేను కూడా ఎంతమంది తల్లులకు ఆ మాట చెప్పి పంపించానో! అది వింటే ఎంత ఒళ్లు మండుతుందో నా దాకా వచ్చాకే తెలిసింది. మా అత్త నువ్వులూ బెల్లం దంచి ఉండలు చేసి రోజూ తినిపించింది. వాటివల్ల నేను లావయ్యాను.

పోయినేడు పాప క్యాంపుకు పోయే రోజు పొద్దున కడుపునొప్పి అని ముడుచుకుని పడుకుంది. బస్సు వెళ్లిపోయాక నొప్పి కూడా దానితోపాటే వెళ్లిపోయింది. ఈ ఏడు తనే వచ్చి, "నేను పోతాను మా. కానీ ఆ సంగతి ఎవురికీ తెలియకూడదు. తెలిసిందంటే ఇంక చర్చికి కూడా రాను" అంది. ఎవరికీ తెలియనివ్వనని మాటిచ్చాను. మా క్వార్టర్సులో ఒక ఇంట్లో దగ్గు వినిపిస్తే మూడో ఇంట్లో మిరియాలు నూరుతారు. అలాంటి చోట ఉంటూ ఆ మాట ఎలా ఇచ్చానో ఆ దేవుడికే ఎరుక.

సర్దడం మొదలుపెట్టాం. నేను పెట్టినవి అత్త తీసేది, అత్త పెట్టినవి నేను తీసేదాన్ని. ఆమె నిప్పట్లు ఒక డబ్బా, చెనిక్కాయల ఉండలు ఒక డబ్బా పెట్టింది. నేను పెట్టిన అరటిపండ్లు మాత్రం బయటికొచ్చాయి.

"ఆ పక్క ఏనుగులు తిరగతాండాయంట. అరటిపండు వాసన తగిలితే ఊరుకుంటాయా?" అంది.

మా ఆయన పేపరు వెనకనుంచి, "కుప్పంలో అన్ని తోటలుండంగా ఏనుగులకు మన పాప సంచే కావాలా మా?" అన్నాడు.

"నీకేం తెలుసు, నువ్వు పేపరు సూసుకో పా" అంది. ఆయన చూసుకున్నాడు. మా ఇంట్లో మగవాళ్లు సామాన్లు సర్దడంలో చేసే సాయం అంతే.

అన్నీ అయ్యాయి, ఇక మిగిలింది పక్క కింద వేసే రబ్బరు షీటు. వార్డులో అవి బోలెడున్నాయి, కానీ ప్రతిదాని మీదా ముద్ర ఉంటుంది. పోనీ మదనపల్లెలో కొందామంటే, మందుల షాపు పెట్టిన ప్రతివాడూ మాకు చర్చిలోనో ఆసుపత్రిలోనో తెలిసినవాడే. అందుకని నేను చాలా తెలివిగా ఆలోచించి, డ్యూటీ లేని రోజు చూసి బస్సెక్కి పుంగనూరు వెళ్లాను.

బస్టాండుకు దూరంగా ఒక షాపు చూసుకుని, షీటు తీయించి, అది చేతిలో పట్టుకుని తిప్పి చూస్తున్నాను. వెనకనుంచి వినిపించింది. "వందనాలక్కా! ఈడ కనపడినావే!"

మా క్వార్టర్సులో రెండో ఇంటావిడ. మా చర్చి స్త్రీల సమాజంలో, ఎవరి ఏ కష్టం కోసం ప్రార్థించాలో ఆ ప్రార్థన అంశాలు చదివేది ఈమే. వాళ్లమ్మగారిల్లు పుంగనూరని నాకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ ఎలా మరిచిపోయానో ఇప్పటికీ అర్థం కాదు. వాళ్ల కూతురూ మా పాపా ఒకే క్లాసు, ఒకే క్యాంపు.

ఆమె నా ముఖం చూడలేదు, షీటే చూసింది. "ఎవురికక్కా?"

"మా అత్తకు" అన్నాను.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. పిల్ల పేరు తప్ప ఏదైనా చెప్పాలి అనుకున్నాను, ఇంట్లో మిగిలిన పెద్ద ఆడమనిషి ఆమే. మా ఆయన పేరు చెప్పి ఉంటే ఇంకా బాగుండేదేమో.

"అయ్యో, అవ్వకా? ఎంత గట్టి మనిషి! ఎప్పటినుంచి?"

"కొత్తగానే" అన్నాను. అబద్ధం ఒకటి ఆడితే దానికి తేదీ కూడా చెప్పాలి మరి.

బుధవారం స్త్రీల సమాజంలో అది ప్రార్థన అంశమైంది. ఆ రోజు నాకు డ్యూటీ. అత్త ఆ కూటానికి పోదు. అది ముసలమ్మలు పోయే చోటని ఆమె అభిప్రాయం. మర్నాడు వార్డులో ఒక నర్సు నా చేయి పట్టుకుని, "ధైర్యంగా ఉండక్కా, అందరమూ ప్రార్థన సేస్తాండాం" అంది. ఇంకొకామె, "పొద్దన అవ్వను మార్కెట్లో సూసినాను. ఆ బాధలో కూడా కూరగాయల సంచి ఎట్ల మోస్తాండాదో!" అని కళ్లు ఒత్తుకుంది. దొంగకు తేలు కుట్టినట్టు నేను కిక్కురుమనకుండా సెలైన్ బాటిలు మార్చుకున్నాను.

అత్తకు చెప్పాలి. రోజూ చెప్పాలనుకునేదాన్ని, రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని. షీటుకు పైన పాత పూల దుప్పటి గుడ్డ కుట్టి, చూసినవాళ్లకు మామూలు పరుపు గుడ్డలా కనిపించేలా చేశాను. అత్త దాన్ని తిప్పి చూసి, "దీనికోసం పుంగనూరు దాకా పోయినావా? నీకేమన్నా పిచ్చా?" అంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. కుట్టు బాగా కుదరలేదని ఆమె అంటే ఆ సంగతే మాట్లాడుకున్నాం.

బస్సు ఆదివారం ఆరాధన అయ్యాక. శనివారం సాయంత్రం మంచం మీద సంచి తెరిచి ఉంది. పూల గుడ్డ షీటు దాని పక్కనే ఉంది. అత్త స్టూలెక్కి అటక మీద టార్చిలైటు వెతుకుతోంది. గేటు చప్పుడైంది. చూస్తే పాస్టరయ్య, ఆయన వెనక స్త్రీల సమాజం, అందరికన్నా ముందు రెండో ఇంటావిడ, ఆమె చేయి పట్టుకుని వాళ్ల కూతురు. నేను నోరు తెరిచేలోగా అందరూ లోపలికి వచ్చేశారు.

స్టూలు మీదున్న రోగిని చూసి పాస్టరయ్య ఒక్క క్షణం ఆగిపోయారు. "అవ్వా, దిగండి, దిగండి. మీ ఆరోగ్యం గురించి విన్నాం. ప్రార్థన చేసిపోదామని వచ్చాం."

"నాకేమైంది?" అంది అత్త, పైనుంచే.

రెండో ఇంటావిడ గొంతు తగ్గించింది. ఆమె తగ్గించిన గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. "సిగ్గెందుకవ్వా, వయసులో ఎవురికైనా వస్తాది. అక్క మీకోసం రబ్బరు షీటు కొంటాంటే నేనే సూసినాను పుంగనూరులో."

అత్త నన్ను చూసింది. ఆ చూపు నాకు కొత్తేమీ కాదు, పెళ్లయినప్పటినుంచీ చూస్తున్నదే. తర్వాత సంచి వైపు చూసింది. సంచి పక్కన పాప నిలబడి ఉంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. రెండో ఇంటి పిల్ల అప్పటికే మంచం ఎక్కి పూల గుడ్డ పక్కన కూర్చుంది.

అత్త ఒక్క మాట, "నాకేం రోగం? నా కోడల్నే అడగండి" అంటే అయిపోయేది. నేనైతే అనేదాన్ని. ఆమె మెల్లగా స్టూలు దిగింది. దిగేటప్పుడు నడుము పట్టుకుంది కూడా. మంచం మీద కూర్చుని, పూల గుడ్డను తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అవునయ్యా" అంది. "ఆపుకోలేకుండా ఉండాను. రాత్రిళ్లు తెలియకుండానే అయిపోతాండాది."

నర్సు కదా, లక్షణాలన్నీ వరసగా చెప్పింది. నేను కేస్ షీటులో రాసినా అంత బాగా రాయలేను. ఒకామె నువ్వులూ బెల్లం తినమంది. అత్త శ్రద్ధగా విని, ఎంత బెల్లం వేయాలని అడిగింది. పాస్టరయ్య "ఈ వృద్ధురాలిని కరుణించు ప్రభువా" అని చాలాసేపు ప్రార్థించారు. ఆ వృద్ధురాలు అన్న మాట వచ్చినప్పుడల్లా అత్త దవడ బిగుసుకునేది. ఆమెన్ మాత్రం అందరికన్నా గట్టిగా చెప్పింది. పోతూ పోతూ రెండో ఇంటావిడ, రేపు చర్చిలో వెనక తలుపు దగ్గర కుర్చీ వేయిస్తానని, మధ్యలో లేచి పోవడానికి వీలుగా ఉంటుందని చెప్పింది. "మంచిదమ్మా" అంది అత్త.

వాళ్లు వెళ్లాక నాకు ఏడుపు ఆగలేదు. "అత్తా, నేను..." అన్నాను.

"ఊరుకో. నీకు అబద్ధం ఆడడం కూడా రాదు, కుట్టు కూడా రాదు" అంది. షీటు నాలుగు మడతలు పెట్టి సంచిలో అడుగున పెట్టింది.

పాప వచ్చి ఆమె మోకాళ్ల దగ్గర నిలబడింది.

"అవ్వా, నీకు సిగ్గు కాలేదా?"

ఏమీ లేదంటుందని నేను అనుకున్నాను. పెద్దవాళ్లం అలాగే కదా అంటాం.

"అయింది పాపా" అంది అత్త. "శానా అయింది. పో, ఆ దువ్వెన యాడుండాదో సూడు."