అందరికీ పెట్టిన పాఠం

నగోయాలోని ఆ పంపుల కంపెనీలో కురమోచి అంత శుభ్రమైన సెక్షన్ మేనేజరు లేడని కురమోచి నమ్మకం. యాభై నాలుగేళ్ల వాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం తిన్నాక మరోసారి గడ్డం గీసుకునేవాడు. బల్ల సొరుగులో పళ్ల బ్రష్షు, గోళ్ల కత్తెర, బూట్లు తుడిచే గుడ్డ ఉండేవి. పక్క సీటు మొమోసె ఏడాది పొడుగునా మాస్కు తీయదు, జనవరిలోనూ కిటికీ మూయదు. పాపం, పుప్పొడి పడదు కాబోలు అనుకునేవాడు. పుప్పొడి పడని మనిషి కిటికీ ఎందుకు తెరుస్తుందని మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు.

జూన్‌లో పైనుంచి కబురొచ్చింది. మగ ఉద్యోగులందరికీ ఒంటి శుభ్రత మీద గంటసేపు పాఠమట. అందరికీ అన్నారంటే అది ఒక్కడి కోసమేనని అక్కడ ఎవరికైనా తెలుసు. ఫలానావాడని చెబితే వాడి పరువు పోతుంది కనుక పద్దెనిమిది మందినీ కూర్చోబెడతారు. గుమ్మడికాయ దొంగ అనగానే తక్కినవాళ్లంతా భుజాలు తడుముకుంటే, కురమోచి మాత్రం హిగాకి భుజాల వంక చూశాడు. హిగాకి ఆయన కింద పనిచేసే లావు మనిషి, రెండంతస్తులెక్కితే చొక్కా తడిసిపోతుంది. వాడు కాక ఇంకెవరు? పాఠం చెప్పే ఆవిడ ఏం చెప్పిందో కురమోచి వినలేదు. హిగాకి రాసుకుంటున్నాడో లేదో చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున, అందరూ నిలబడి ఆనాటి పనులు చెప్పుకునే వేళ, ఒళ్లు తుడుచుకునే తడి కాగితాల ప్యాకెట్టొకటి తెచ్చి హిగాకి చేతిలో పెట్టాడు.

"ఏమనుకోకోయ్, నీ మంచికే చెబుతున్నా. పెద్దపెద్దవాళ్ల ముందు కూర్చునేవాడివి, కాస్త ఒళ్లు చూసుకోవాలి."

హిగాకి ముఖం కందిపోయింది. రెండు చేతులా అందుకుని నడుం వంచాడు.

"థాంక్యూ సార్. జాగ్రత్తగా ఉంటాను."

సాయంత్రం రైలు పాసు మరిచిపోయి కురమోచి వెనక్కి వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపల హిగాకి ఆయన కుర్చీకి వాసన పోగొట్టే మందు కొడుతున్నాడు.

"పొద్దున అంత మాట పడి కూడానా?" అంది మొమోసె. "పాఠం పెట్టిందే ఆయన కోసం. ఆయనకి తప్ప ఊరందరికీ అర్థమైంది."

"ఊరుకోండి మొమోసె గారూ. నాలుగేళ్లుగా కొడుతున్నా, ఇవాళ మానేస్తే కక్షతో మానేసినట్టుంటుంది. ఆయనకి తెలిస్తే తట్టుకోలేరు."

కురమోచికి తల కొట్టేసినట్టయింది. పాసు తీసుకోకుండానే వెళ్లి టికెట్టు కొని రైలెక్కాడు. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోక, తలుపు మూల చేతులు ఒంటికి అదిమిపెట్టుకుని నిలబడ్డాడు. ఎవరి కంపు వారికి ఇంపంటారు. కంపు సంగతి అటుంచి, పదిమందిలో వంగిన హిగాకి నడుమే దారి పొడుగునా కళ్లముందు కదిలింది. తన పరువు అంతమంది కలిసి దాస్తే, తను ఒక్క నిమిషంలో వాడి పరువు తీశాడు. సిగ్గుతో అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున, మళ్లీ అందరూ నిలబడి ఉండగా, కురమోచి వెళ్లి హిగాకి ఎదుట నడుం వంచాడు. చాలాసేపు లేవలేదు.

"హిగాకీ... నిన్న ఇచ్చిన ప్యాకెట్టు నీది కాదు, నాది. అందులోంచి ఒకటి ఇస్తావా?"

ఎవరూ నవ్వలేదు. హిగాకి ప్యాకెట్టు చింపి, ఒక కాగితం రెండు చేతులా అందించాడు. కురమోచి మెడ తుడుచుకున్నాడు. హిగాకి ఆయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"చెవుల వెనక కూడా సార్. మొన్న ఆవిడ చెప్పింది అదే."