మంద ముందా, నారు ముందా?

అతిథులను పిలిచి ఒక్క పూటలో సర్వనాశనమైన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి.

ఎనభైల్లో ఉద్యోగం కోసం కోదాడ నుంచి మిర్యాలగూడ వచ్చి కాపురం పెట్టాను. అద్దె ఇంటి వెనక రెండు గుంటల చౌడు నేల. గడ్డపార వేస్తే ఎగిరి నా మీదికే వచ్చేది. వేములపల్లిలో వరి పండించే మా మామయ్య "మా అల్లునికి కలం పట్టుడే ఎరుక" అన్నాడని తెలిసి నాకు ఒళ్లు మండింది. "ఆదివారం వచ్చి నా వంకాయ తోట చూడండి" అని కబురు పెట్టేశాను.

నారైతే అప్పటికే నాటాను. అది చావదు, బతకదు. పసుపు మొహం వేసుకుని అలాగే నిలబడింది. చాయ్ హోటల్లో గొర్రెల కాపరి ఎల్లయ్య కనిపిస్తే మొర పెట్టుకున్నాను.

"మన్ను ఇటుకలా ఉంది ఎల్లయ్యా."

"సత్తువ లేదు సారూ. ఒక్క రాత్రి గొర్ల మంద పెట్టియ్యి. పెంటికలు పడ్డయంటే సౌడు గూడ బంగారమైతది. జాగ ఖాళీగున్నదా?"

గొర్రెలు నిలబడటానికి చోటుందా అని అడుగుతున్నాడనుకున్నాను. "బోలెడు ఖాళీ!" అన్నాను.

శనివారం పొద్దుగూకేసరికి నూరు గొర్రెలు దిగాయి. నేను చేతులు కట్టుకుని పెళ్లిపెద్దలా ఎదురెళ్లాను. ఇంతలో నా భార్య సరళ కేక!

"ఓయయ్యో, నారు మేస్తున్నయి!"

"మేయవు సరళా, అవి ఎరువు వెయ్యడానికి వచ్చాయి!"

ఎల్లయ్య నెత్తి పట్టుకున్నాడు. "నారున్నదని జెప్పవేంది సారూ? మంద పెట్టినంక నారేస్తరు గని, నారేసినంక మంద పెడ్తరా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. నాకు పట్టుకోవడానికి ఒక్క ఆకు కూడా మిగల్లేదు.

తెల్లారి మామయ్య రానే వచ్చాడు. నల్లటి పెంటికలు పరుచుకున్న పెరడంతా కలయజూశాడు.

"తోటేది అల్లుడా?"

"గొర్రెలు తిన్నాయి మామయ్యా."

ఆయన వంగి గుప్పెడు పెంటికలు తీసి నా అరచేతిలో పోశాడు. "యాడికి బోతది? గిదే నీ తోట. పట్టుకో!"

నవ్వి నవ్వి ఆయనే గడ్డపార అందుకుని పెరడంతా తవ్వేశాడు. నెల తిరిగాక కొత్త నారు పెడదామని వేలు గుచ్చితే, ఆ చౌడులోకి వేలు వేలంతా దిగిపోయింది! లోపల చల్లగా, మెత్తగా ఉంది. నా ఒళ్లు జలదరించింది. గొర్రెకూ మట్టికీ మధ్య ఇంత మాయ నడుస్తుందని నాకెవరూ చెప్పలేదు. ఎల్లయ్య గొర్రెలు ఎదురైతే ఇప్పటికీ పక్కకు జరిగి దారిస్తాను.

ఆనాడే భూదేవి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఏం తింటారో అడగకుండా ఇక ఎవరినీ ఇంటికి పిలవను.