బావ మడిలో పాతిన కొయ్య

మంథని దగ్గరి మా బావ పొలంలో చమురు ఉన్నదని నేనే చెప్పినట్లు బంధువుల్లో ఒక మాట స్థిరపడిపోయింది. జీవితమంతా భూగర్భశాస్త్రం బోధించినవాడిగా దానిని సరిదిద్దకుండా ఊరుకోలేను. జరిగినది ఇది.

ఎండాకాలం చివర చమురు వెతికే సర్వే బృందం ఒకటి వచ్చి, గట్ల వెంబడి తీగలు పరిచి, బావ మడిలో ఎర్రగుడ్డ కట్టిన కొయ్య పాతి వెళ్ళింది. వయసులో ఉండగా గల్ఫులో పనిచేసి వచ్చిన బావకు, మడి కింద చమురు ఉన్నదని నమ్మడానికి అది చాలింది. వానలు పడినా నాటు వేయనివ్వలేదు. అక్క ఫోను చేసింది.

"తమ్మీ, జర వచ్చి మీ బావకు నచ్చజెప్పు. నారు ముదురుతున్నది. ఈ వారం దాటితే పంట పోయినట్టే."

శాస్త్రాన్ని క్రమంగా చెబితే భ్రమ తొలగుతుందని నా నమ్మకం. రెండు మంచాలు ఆనించి, పక్కపక్కనే మూడు దొంతరలు పేర్చాను. నడిమి దొంతర సరిగ్గా అతుకు మీద ఉన్నది. ప్రతి దొంతరలో అడుగున నల్ల గొంగడి, దానిపై బొంత, అన్నిటికన్నా పైన వడ్లు ఆరబోసే టార్పాలిన్ మడత. గొంగడి చమురు పుట్టే నల్లరాయి. బొంత చమురు పారే ఇసుకరాయి. టార్పాలిన్ దానిని దాటనివ్వని బంకమట్టి పొర. మంచాలను ఎడంగా లాగాను. నడిమి దొంతర సందులోకి కొంత జారి ఆగింది.

"భూమి సాగి పగిలితే ఇంతే, బావా. గోదావరి లోయ ఇట్లా దిగినదే. ఇప్పుడు పక్క బొంతకు ఎదురుగా జారిన టార్పాలిన్ వచ్చింది, చూడు. చమురు నీటికన్నా తేలిక. వాలుగా ఉన్న ఇసుకరాయిలో పైపైకి పాకుతుంది. పగులు దగ్గర బంకమట్టి అడ్డుపడితే అక్కడే నిలుస్తుంది."

ఇన్నీ ఒకచోట కుదరడం అరుదని చెప్పబోతుండగా బావ లేచి నిలబడ్డాడు.

"గట్లయితే కొయ్య పాతింది గా పగులు అంచుమీదనే గద, బామ్మర్ది! నేననేదే నువ్వు చెప్పినవ్. సదువుకున్నోడు సదువుకున్నోడే!"

మంచాల సందులోకి జారిన పక్కబట్టలను చూస్తూ అక్క వచ్చింది.

"మాన్పియ్యమని పిలిస్తే ఎగదోస్తున్నవా? గని తమ్మీ, నూనె ముందు పుట్టిందా, పగులు ముందు పడ్డదా?"

జవాబుకు ఆగకుండా అక్కే మళ్ళీ అందుకున్నది.

"మడిల నీళ్లన్నీ పోయినంక గండి పూడిస్తే ఏమాగుతయి? నూనె పోయినంక పగులు పడితే గంతే గద!"

ఏటేటా నేను పరీక్షలో ఇచ్చిన ప్రశ్న అది. ఆ రోజు చెప్పడం మరిచాను. బావ గొంగడి తీసి దులిపి భుజాన వేసుకున్నాడు.

"గీ ముచ్చట ముందుగాల్నే చెప్పొద్దా?"

మూడో రోజు నాట్లు పడ్డాయి. కొయ్య చుట్టూ నాలుగు అడుగుల మేర మాత్రం బావ నాటకుండా వదిలించాడు. "ఉంటే ఉంటది. నీకేం పరేషాన్?" అన్నాడు.

ఆ నాలుగు అడుగుల మేరకు నా బాధ్యతను అంగీకరిస్తున్నాను. చమురు ఉన్నదని మాత్రం నేను అనలేదు. దొంతరల వరుసలోగాని, అక్క మాటల్లోగాని పొరపాటు కనిపిస్తే తెలిసినవారు దయచేసి దిద్దగలరు. బావను అడిగి మాత్రం దిద్దవద్దు.