రెండు తలుపుల కారు

కొత్త బండి కొంటే ఇంటిల్లిపాదీ అందులోనే కసాపురం ఆంజనేయస్వామి గుడికి పోయి పూజ చేయించడం మావైపు ఆనవాయితీ. కారు కొన్నాక నాయనను ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకుపోతానని అన్న ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు.

ఆ ఉదయం నాయన కొత్త పంచె కట్టాడు. అమ్మ నిమ్మకాయలు, చిత్రాన్నం గిన్నె సర్దింది. నేను టెంకాయ పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. అన్న బెంగళూరు నుంచి ఎర్ర కారులో వచ్చి దిగాడు. దానికి రెండే తలుపులు, రెండే సీట్లు. రెండో సీట్లో వదిన ఉంది.

"వెనక సీటు యాడన్నా?" అన్నాను.

"దీన్ని కూపే అంటారప్పా. ఫ్రెంచి మాట, కోసేసింది అని అర్థం. పాతకాలం గుర్రబ్బండిలో ముందర సీటు కోసి పారేసి, ఇద్దరికే సరిపోయేట్లు చేసినారంట. ఆ పేరే కార్లకు వచ్చింది" అని మురిసిపోతూ చెప్పాడు. "మీరు బస్సులో రాండి, ఆడ కలుస్తాం" అని నా చేతిలోని టెంకాయ తీసుకుని వెళ్లిపోయాడు.

నాయన బస్టాపు వైపు నడిచాడు. కూపే అంటే ఏమిటో మాకు ఆ రోజే తెలిసింది. అన్నకు కొనకముందే తెలుసు.