అక్రోటు కాయ దూరని గొట్టం

కొండల కింద బజార్-కోర్గోన్ అనే సంత ఊరి వైపు వెళ్తే ఇంకేమీ చూడకపోయినా పర్లేదు గానీ, ఇనుప సామాన్ల వరసలో చివరి కొట్టు దగ్గర ఆగకుండా మాత్రం రాకండి. అక్కడ జూరకాన్ ఉంటుంది. యాభై ఆరేళ్ళు, తలకి పువ్వుల రుమాలు, మెడలో కొలత టేపు. నీళ్ళ గొట్టాలు అమ్ముతుంది. కళ్ళు మూసుకుని గొట్టాన్ని తడిమితే చాలు, సైజూ గోడ మందమూ చెప్పేస్తుంది. జిల్లాలో సగం ఊళ్ళవాళ్ళు ఆమెని అడిగాకే గొట్టం కొంటారు. ఆమె సొంత ఊరివాళ్ళు మాత్రం ఆ కొట్టు గుమ్మం తొక్కరు.

ఆ ఊరు అక్రోటు అడవి కింద, కొండవాలున ఉంటుంది. నలభై ఇళ్ళు, ఒకటే ఊట. ఊట నుంచి ఊరంతా దాటుకుంటూ వచ్చే గొట్టం చివర ఏడిళ్ళున్నాయి. ఆఖరిది జూరకాన్‌ది, దాని పక్కది బురుల్‌ది. ఈ సంగతి జరిగినప్పుడు బురుల్‌కి మూడు నెలల కవలలు.

తాతల నాటి ఇనుప గొట్టం తుప్పు పట్టి చిల్లులు పడిపోయింది. ఊరంతా కలిసి, కూలీ లేకుండా, కొత్తది వేసుకోవాలని అనుకున్నారు. అక్కడ అలాంటి పనికి ముందు పెద్దలు కూర్చుని అన్నీ తేల్చుకుంటారు. పెద్దాయన అరచేతులెత్తి దీవిస్తాడు, అందరూ చేతులతో మొహం తుడుచుకుంటారు. ఆ తర్వాత ఆ మాట రాతి మీద గీతే. పెద్దాయన కల్మురాత్ పాత గొట్టం కవాటం మీద ముప్పై రెండు అని ఉండటం చూశాడు. ప్లాస్టిక్‌లోనూ ముప్పై రెండే వేద్దామన్నాడు, దీవించేశాడు. జూరకాన్ కొట్టుకి వాళ్ళు వచ్చింది ఆ మర్నాడు.

కల్మురాత్ ఆమె భర్తకి పెత్తండ్రి కొడుకు. అత్తింటి పెద్దల పేరు కోడలు నోటితో పలకదు, వాళ్ళకి ఎదురు చెప్పదు. అయినా ఆమె చెప్పింది.

"బావగారూ, ఇనుప గొట్టానికి చెప్పే అంకె లోపలి బొక్కది. ప్లాస్టిక్‌కి చెప్పేది బయటి వెడల్పు. జాయింట్లు బయట నుంచే పట్టుకుంటాయి కదా, అందుకని. అటు మూడు మిల్లీమీటర్లు, ఇటు మూడు గోడకే పోతాయి. లోపల మిగిలేది ఇరవై ఆరు. మనకి నలభై కావాలి."

మాటతో నమ్మరని జేబులోంచి ఓ అక్రోటు కాయ తీసింది. ఇనుప గొట్టం ముక్కలో వేస్తే జర్రున జారి కింద పడింది. ప్లాస్టిక్ ముప్పై రెండు మూతి మీద పెడితే అక్కడే కూర్చుంది, గూట్లో గుడ్డులా.

"మేం తాగేది నీళ్ళమ్మా, కాయలు కాదు," అన్నాడు కల్మురాత్. అందరూ నవ్వారు. లావుది అంటగడితే అక్కకి లాభం కూడా లావే అని వెనక నుంచి సాగిన్ అనే ఊరివాడు ఓ మాట విసిరాడు. అమ్మేవాళ్ళ నోట నిజం కూడా బేరంలాగే వినిపిస్తుంది మరి. ఆమె మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్పబోతే పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. దీవెన అయిపోయిందన్నాడు. ఆమె ముప్పై రెండు సైజు చుట్టలే తీసి ఇచ్చింది.

పారలు లేచాయి, పెద్ద బాండీలో పలావు ఉడికింది, నాలుగు రోజుల్లో గొట్టం పడింది. వసంతమంతా బాగానే ఉంది. జూన్‌లో పై ఇళ్ళవాళ్ళు టమాటా మళ్ళకి నీళ్ళు వదలగానే చివరి ఏడిళ్ళ కుళాయిలు బుస్సుమన్నాయి, అంతే. బురుల్ పశువులు తాగే కాలవలోంచి బిందెతో తెచ్చుకుంది. గుడ్డతో వడకట్టినా కవలలకి విరేచనాలు పట్టుకున్నాయి. ఒకడిని ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉంచారు.

జూరకాన్ రొట్టె కట్టుకుని కల్మురాత్ ఇంటికెళ్ళింది. ఆయన చెడ్డవాడేం కాదు, అదే అసలు బాధ. ఆమె నోరు తెరవకముందే తలదించుకున్నాడు.

"తప్పు జరిగిందని తెలుసమ్మాయ్. కానీ దీవెన వమ్మయిందని ఊరు అనుకుంటే ఇంకోసారి ఒక్కడూ పార పట్టడు. గొట్టం తప్పుది ఇచ్చానని నువ్వొక్క మాట అను. ఆ వారమే నలభై వేయిస్తా."

"నేను చెప్పాను కదా, బావగారూ."

"చెప్పావు. నేను విన్నాను కూడా. అందుకే నిన్నే అడుగుతున్నా."

ఇంటికొచ్చి ఆమె కుళాయి తిప్పింది. గాలి వచ్చింది. పక్కింట్లో పిల్లాడు ఏడుస్తున్నాడు, గొంతు కూడా సరిగ్గా లేవట్లేదు వాడికి.

శుక్రవారం మసీదు ముందు ఊరు కూడినప్పుడు లేచి నిలబడింది. తప్పు తనదే అంది. ముప్పై రెండు అడిగితే అంతకన్నా సన్నది ఇచ్చానంది. ఆ రోజు కొట్లో అంతా విన్న సాగిన్ కూడా పెదవే విరిచాడు. ఇరవై ఏళ్ళు గొట్టాలమ్మిన మనిషికి ఆ మాత్రం తెలీదా అని ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో అన్నారు. కల్మురాత్ నేల చూపులు చూస్తూనే చేతులెత్తి కొత్త పనిని దీవించాడు.

నలభై పడింది. చివరి కుళాయిలోనూ ధారగా నీళ్ళొచ్చాయి. పక్క వాకిట్లో మొదటి బిందె నింపుకుంటూ బురుల్, ఒకప్పుడు జూరకాన్‌ని అక్కా అక్కా అని వదలని మనిషి, మొహం తిప్పకుండానే అంది:

"ఈసారైనా సరైంది ఇచ్చావు."

జూరకాన్ తన కుళాయి కింద బిందె నిండేదాకా ఆగి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ కాయ ఇప్పటికీ ఆమె బల్ల మీదే, అదే గొట్టం మూతి మీదే ఉంది. వేరే ఊళ్ళవాళ్ళు అదేంటని అడిగితే సైజులు ఓపిగ్గా వివరిస్తుంది. తన ఊరి సంగతి మాత్రం ఎత్తదు. అక్కడివాళ్ళు రెండు గొట్టాలు కలిపే చిన్న కప్లింగ్ కావాలన్నా ఆమె కొట్టు దాటి అవతలి వరసకి పోతారు. ఆ శుక్రవారం ఆమె చోట మీరుండి ఉంటే, పక్కింట్లో ఆ పిల్లాడి ఏడుపు వింటూ, ఏం చేసేవాళ్ళు?