నానమ్మకు పడని గాలి

మొన్న నారాయణగూడలో రోడ్డు పక్కన ఒకావిడ వట్టివేళ్ల విసనకర్రల మీద నీళ్లు చల్లి అమ్ముతోంది. ఆ తడి వాసనకు నానమ్మ గుర్తొచ్చి ఆగిపోయాను.

తొంభైల్లో మేము చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ముందుగదిలో పడుకునే నానమ్మ కోసం బాపు ఒక టేబుల్ ఫ్యాన్ తెచ్చాడు. ఆయన పనికి పోగానే ఆమె స్విచ్ ఆపేసి విసనకర్ర అందుకునేది.

"ఎందుకు బంద్ చేస్తున్నవ్ నానమ్మా?" అని అడిగితే, "ఆ గాలి నాకు పడది బిడ్డా, కీళ్లు గుంజుతయ్," అనేది. ఆమె మెడంతా చెమటకాయలు పేలి ఎర్రబడినా నేను ఆ మాటే నమ్మాను.

ఒక ఎండాకాలం నానమ్మ చనిపోయింది. ఆమెను ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. బాపు ఆ ఫ్యాన్‌ను ఆమె వైపు తిప్పి జోరుగా పెట్టాడు. నేను గబగబా వెళ్లి ఆపేశాను.

"నానమ్మకు గాలి పడది బాపూ!"

బాపు మళ్లీ స్విచ్ వేశాడు. "పడ్తది బిడ్డా. కరెంటు బిల్లు నాకు భారమైతదని అట్ల చెప్పేది," అన్నాడు.

ఆ సంగతి ఆయనకు ముందు నుంచీ తెలుసని నాకు పెద్దయ్యాకే తట్టింది. తెలిసి కూడా, 'వేసుకో అమ్మా' అని గట్టిగా అనలేని జీతం ఆయనది.