ఒక కొలత ఎక్కువ

ఎనభైల్లో మాట. జగ్గయ్యపేటలో ఇల్లు, వత్సవాయి హైస్కూల్లో ఉద్యోగం. మా ఆయన పోయి ఏడాది దాటింది. మిగిలింది నేనూ, ఆయన స్కూటరూ. నడపడం ఆయనే నేర్పారు, నేర్పినన్నాళ్ళూ ఇద్దరం పోట్లాడుకుంటూనే ఉన్నాం. ఆడమనిషి స్కూటరెక్కితే బజారంతా ఆగి చూసే రోజులవి. చూడనిచ్చాను. వాళ్ళకీ కాలక్షేపం కావాలి కదా.

ఆ స్కూటరుకి జబ్బు చేసింది. ఒక్క కిక్కుకే స్టార్టయ్యేది, ఊళ్ళో బాగానే తిరిగేది. రోడ్డు కాస్త ఎత్తెక్కితే చాలు, ఊపిరందనట్టు గొణుక్కునేది. నాలుగో గేరు మోయలేక మూడు, మూడు మోయలేక రెండు. సైకిళ్ళ మీద పోయే పాలవాళ్ళు నన్ను దాటిపోయి, వెనక్కి తిరిగి మరీ చూసేవాళ్ళు. వెనకాల నీలంగా పొగ.

స్కూలు వేళకి సరిపడే బస్సు లేదు. స్కూటరు లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి, అది వదులుకుంటే నందిగామలో ఆయన తమ్ముడింట్లో చేరాలి. నాకోసం ఒక గదికి సున్నం కూడా కొట్టించి పెట్టాడు మా మరిది. మంచివాడే. నాకు భయం వేసింది ఆ మంచితనాన్ని చూసే. బండి పనైపోయిందనీ, ఆదివారం తీసుకొస్తే కొనే మనిషిని పిలిపిస్తాననీ కబురు చేశాడు. బండి బాగుంటే మాత్రం అమ్మేది లేదని తిరుగు కబురు పంపాను.

మెకానిక్ షాపు మా వీధి చివరే. ప్లగ్గు తుడిచిచ్చాడు, రెండు రోజులకి మళ్ళీ అదే గొణుగుడు. కార్బురేటర్ విప్పి శుభ్రం చేశాడు, మళ్ళీ అదే. ఆ తర్వాత వెళితే, బండిలో ఏమీ లేదనీ, నేను క్లచ్ మీద చెయ్యి ఆనించి నడుపుతున్నాననీ, ఆడవాళ్ళందరికీ ఆ అలవాటేననీ తేల్చేశాడు. ఒళ్ళు మండింది. నేను కాక ఈ ఊళ్ళో బండి నడిపే ఇంకో ఆడమనిషిని చూపించమన్నాను. క్లచ్ జారితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఇక్కడ అరుపే పడిపోతోంది కదా అన్నాను. స్టార్ట్ చేసి సైలెన్సర్ వెనక అరచెయ్యి పెట్టాను. పక్కనున్న ఇంకో స్కూటరుకీ అలాగే పెట్టాను. దాని గాలి చేతిని నెట్టేస్తోంది, మాది చంటిపిల్ల ఊదినట్టుంది. లోపలికి పోయింది బయటికి రావడం లేదు, ఆ సైలెన్సర్ విప్పమన్నాను. నా వాదన నచ్చి కాదు, నన్ను వదిలించుకోడానికి విప్పాడు.

గొట్టంలో పెన్సిలు పట్టేంత సందు మిగిలింది. మిగతాదంతా జిడ్డు మసి, రాయిలా గట్టిపడిపోయి ఉంది. కట్టెలు పేర్చి మంట పెట్టి గొట్టాన్ని అందులో పడేశాడు. అది కాలుతుండగా, పెట్రోల్లో కలిపే ఆయిల్ ఎంత పోయిస్తున్నానని అడిగాడు. బంకులో పోసే కొలత మీద ఇంకో కొలత అని చెప్పాను.

"అంత పొయ్యమన్న తెలివైనోడు ఎవరండీ?"

నిజానికి ఆ ఎత్తిపొడుపు నాది. బండి కొన్ననాటి నుంచీ బంకుకి వెళ్ళినప్పుడల్లా ఆయనతో నేనన్న మాటే. ఎక్కువ పోస్తే మసి పడుతుందని నేను, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుందని ఆయన. మా తగువు తెగేదాకా బంకతను కొలత చేత్తో పట్టుకుని నిలబడేవాడు. చివరికి ఆయన మాటే నెగ్గేది. ఆయన పోయాక, అడ్డు చెప్పే మనిషే లేనప్పుడు, నేనే వెళ్ళి ఇంకో కొలత పొయ్యమంటూ వచ్చాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

అయినా ఆయన్ని ఇంకొకరు అంటే ఊరుకుంటానా? ఆయన తరఫున నేను దెబ్బలాటకి దిగాను.

"మేమిద్దరం ఎక్కి నందిగామ దాకా వెళ్ళొచ్చేవాళ్ళం. ఆ బరువుకి ఆ ఆయిల్ ఉండాలి. అప్పుడెప్పుడూ ఇలా మొరాయించలేదే?"

"అప్పుడు ఇంజను బాగా కాగేది, పోసిందంతా మండిపోయేది. ఇప్పుడు ఒక్కరేగా, టీచరుగారూ," అన్నాడు మంట మీంచి చూపు తిప్పకుండా.

అతను గొట్టాన్ని పట్టకారుతో లాగి నేలకేసి కొట్టాడు. మసి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది.

ఆదివారం నందిగామ బయల్దేరాను. చిల్లకల్లు దాటాక ఎత్తు వచ్చినా నాలుగో గేరు నుంచి దించే పని పడలేదు. మరిదితో అనాల్సినవన్నీ దారి పొడుగునా పేర్చుకున్నాను. అతను ఒకటంటే నేను అప్పజెప్పాల్సినవి నాలుగు సిద్ధంగా ఉన్నాయి. నేను వెళ్ళేసరికి మరిది కొనే మనిషితో వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. నా చేతిలోంచి బండి తీసుకుని హైవే దాకా వెళ్ళొచ్చాడు.

"బాగా లాగుతోంది వదినా. ఉంచేసుకోండి," అన్నాడు.

అంతే. కొనే మనిషికి కాఫీ ఇచ్చి పంపేశాడు. నేను పేర్చుకున్నవాటిలో ఒక్కటీ బయటికి తీయాల్సిన పని లేకపోయింది.

తిరిగొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. బండి జబ్బులో ఉన్నన్నాళ్ళూ ఎక్కడికెళ్ళినా ఇల్లు చేరేసరికి చీకటి పడేది, ఇంత వండుకుని పడుకోవడమే. ఆ రోజు బోలెడంత సాయంత్రం మిగిలిపోయింది. ఆయిల్ విషయంలో నేనే నెగ్గానని చెప్పాల్సిన మనిషి లేరు. ఉన్నా ఒప్పుకునేవారు కాదు. తప్పు ఆయిల్‌ది కాదు, బంకువాడి కల్తీదని కొత్త వాదన ఎత్తుకునేవారు. అది వినాలనిపించింది.

ఇంజను ఆపకుండా గేటు ముందే కూర్చుండిపోయాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"మళ్ళీ మొరాయించిందా అండీ?"

"లేదండీ, బాగయింది," అన్నాను.